మాస్టారి కామెర్లు

ఆ ఉదయం డ్రాయింగు మాస్టారు బడికి నడిచి వచ్చారో, తేలి వచ్చారో ఆయనకే తెలియదు. రాత్రంతా కలలో సూదులు వానచినుకుల్లా మెల్లగా రాలాయి. అది ప్రత్యేక అవసరాల పిల్లల బడి. కొరుకుళ్ళూ గీరుళ్ళూ మామూలే కాబట్టి, ఆ రోజు సిబ్బందికంతా, మర్నాడు పిల్లలకూ హెపటైటిస్ టీకా. మాస్టారి పథకం ఒక్కటే, ఎలాగోలా తప్పించుకోవడం.

విడ్డూరమేమిటంటే, ఆ బడిలో ఏ కొత్త సంగతినైనా పిల్లలకు ముందుగా ఆడి చూపిస్తారు. కుంచె కాడతో జబ్బ మీద పొడుచుకుంటూ, "ఒకటి, రెండు, ఉఫ్! ఇంతేనర్రా!" అని వారం రోజులుగా వాళ్ళకు ధైర్యం నేర్పుతున్నది ఈ మహానుభావుడే.

"ఒంట్లో నలతగా ఉందమ్మా. వచ్చే వారం చూద్దాం," అన్నారు నర్సుతో, గొంతు నీరసంగా పెట్టి.

"ఆకలేస్తోందా?"

"అబ్బే, అస్సల్లేదు."

"వాంతులు?"

"వచ్చేట్టే ఉంది."

అంతలో హెడ్మిస్ట్రెస్ ఆయన చేతులు చూసి కెవ్వుమన్నారు. వేళ్ళన్నీ పసుప్పచ్చగా ఉన్నాయి. పొద్దున్నే తరగతి గోడ మీద సూర్యుణ్ణి వేశారు మరి!

"కామెర్లు! మొన్న చిట్టెలుక మిమ్మల్ని కొరికింది కదూ?"

చిట్టెలుకంటే, ప్రేమొస్తే కొరికే ఓ చిన్నపిల్లకు బడి పెట్టిన ముద్దుపేరు.

"ముందు కళ్ళు చూడనివ్వండి మేడమ్," అంటున్న నర్సు మాట ఎవరికి పట్టింది? మాస్టారి గ్లాసు వేరుచేశారు. కుర్చీ కడిగారు. ఆయా ఆయన భార్యకు ఫోన్ చేసి, సంగతి చెప్పకుండానే ఏడ్చేసింది. గోరంత కాస్తా కొండంతయింది. మాస్టారు మాత్రం నర్సు గదిలో మంచమెక్కి, తెరలోంచి జారే వెలుగులో హాయిగా తేలుతున్నారు. సూది తప్పింది, అదే పదివేలు.

అప్పుడు కిటికీలోంచి కనబడింది. చిట్టెలుక తల్లి వచ్చి పిల్లకు బూట్లు తొడుగుతోంది. మాస్టారి రక్తపరీక్ష తేలేదాకా పిల్లని ఇంట్లోనే ఉంచమన్నారట. ఎవరి దగ్గరా నిలవని పిల్ల, ఇప్పుడిప్పుడే ఆయన గదిలో కుదురుగా కూర్చుని రంగులు పూస్తోంది. ఈ అలవాటు తప్పితే మళ్ళీ బడి గడప తొక్కదు. మాస్టారు మబ్బుల్లోంచి దభీమని నేలమీద పడ్డారు.

"ఆగండమ్మా! కామెర్లూ లేవు, గాడిదగుడ్డూ లేదు. నాకు సూదంటే భయం, అంతే!" అంటూ వరండాలోకి పరిగెత్తి, అందరి ముందూ చేతులు కడిగేసుకున్నారు. సూర్యుడు తొట్టిలోకి జారిపోయాడు.

నర్సు నవ్వాపుకుంటూ ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి చొక్కా చెయ్యి మడిచింది. మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. చిట్టెలుక ఒంటి బూటుతో కుంటుకుంటూ వచ్చి, ఆయన రెండో చెయ్యి పట్టుకుంది.

"ఒకటి, లెండు, ఉఫ్!"

"అయిపోయింది," అంది నర్సు. "సూది నొప్పెట్టిందా మాస్టారూ?"

సూది సంగతి ఆయనకు తెలియనే లేదు. అప్పటికే చిట్టెలుకకు ప్రేమొచ్చింది.