మా ఇంటికి పట్టిన పరిశోధన యోగం

మీ ఇంటిని ఇంతవరకూ ఎవరూ పరిశోధించలేదా? అయితే మీ మీద నాకు నిజంగా జాలిగా ఉంది. నాలుగు గోడలూ, ఒక కప్పూ, కొళాయిలో నీళ్లూ ఉన్నంత మాత్రాన ఇల్లు ఇల్లయిపోదు. దాని మీద ఒక రిపోర్టు ఉండాలి. రంగుల మ్యాపులో అది ఒక చుక్కగా కనిపించాలి. అప్పుడు గానీ మనం ఎక్కడ బతుకుతున్నామో మనకు తెలిసిరాదు.

ఈ మాట నేను అనుభవం మీద అంటున్నాను. నా పేరు వెంకటాచలం. చెన్నైలో వాషర్‌మెన్‌పేట్‌లో జాకెట్టు గుడ్డల హోల్‌సేల్ వ్యాపారం చేసి, కొట్టు తమ్ముడి కొడుకులకు అప్పజెప్పి, అరుగు మీద కూర్చుని పేపరు చదవడమూ, అప్పుడప్పుడు ఇలా దానికి రాయడమూ పనిగా పెట్టుకున్నవాణ్ణి. మా ఇల్లు తాతల నాటిది. వీధివైపు అరుగు, టేకు స్తంభాలు, లోపల చిన్న మండువా, వెనక వంటిల్లు. మేడ మీద ఒక గది, దాని పక్కన లెట్రిన్.

ఆ లెట్రిన్ మేడ ఎందుకెక్కిందో చెప్పాలి. మొదట్లో అది కిందనే ఉండేది. ఒక ఏడు డిసెంబరు వానలకు వీధంతా నీళ్లు నిలిచి డ్రైనేజీ ఎదురు తన్నింది. బయటికి పోవలసిందంతా లోపలికి వచ్చింది. అంతకన్నా వివరంగా రాస్తే మీరు టిఫిన్ మానేస్తారు. నీళ్లు తీశాక దాన్ని మూసేసి మేడ మీద కట్టించుకున్నాం. అప్పట్లో నా భార్య వాసవాంబ ఆ ఇరుకు మెట్లు చకచకా ఎక్కేది. ఇప్పుడు ఆమెకు మోకాళ్లు అరిగిపోయాయి. మెట్ల దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే గోడకు పోతుంది.

అందుకని కింద, వంటింటి వెనక, కొంచెం ఎత్తుగా దిమ్మె కట్టి, దాని మీదికి వాలుగా బాట వేసి, నీళ్లు ఎదురు రాకుండా పైపుకు వాల్వు బిగించి, ఒక లెట్రిన్ కట్టించుకుందామనుకున్నాం. రామసామి మేస్త్రి వచ్చి కొలతలు తీసుకున్నాడు.

"చిన్న పనే సామీ. వారంలో అమ్మ ఈడనే పోయొచ్చు," అన్నాడు.

సరిగ్గా ఆ వారమే యోగం వచ్చి మా తలుపు తట్టింది.

యోగం పేరు మధుమిత. నగర ప్రణాళిక మీద పరిశోధన చేసే ఒక సంస్థలో ఉద్యోగం. చెన్నై శివారు మాధవరం పిల్ల. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా మాట మాటకూ తమిళంలోకి జారిపోయేది. చేతిలో ట్యాబూ, దూరం నుంచే గోడలను కొలిచే ఒక లేజరు పరికరమూ ఉన్నాయి.

"అంకుల్, మీ ఇల్లు రొంబ అరుదైంది తెలుసా? ఈ ఏరియాలో ఇట్లాంటివి ఇంగ కొన్నే మిగిలుండాయి," అంది.

నాకు తెలియదు. అప్పటిదాకా నేను దాన్ని ఇల్లే అనుకుంటున్నాను. అది 'టైపాలజీ' అట. అరుగు అరుగు కాదు, 'ట్రాన్సిషన్ స్పేస్'. మండువా 'పాసివ్ కూలింగ్'. మరి ఆ కూలింగ్‌లో కూర్చుని తువ్వాలుతో చెమట తుడుచుకుంటున్న నేనెవరిని? 'స్టేక్‌హోల్డర్'ని. ఇన్నేళ్లు కొట్లో కూర్చున్నా నన్నెవరూ అంత పెద్ద మాట అనలేదు.

తర్వాత ఆమె వరద గురించి అడిగింది. వాసవాంబ గోడ మీద చెయ్యి పెట్టి నీళ్లు ఎందాకా వచ్చాయో చూపించింది.

"అప్పుడు ఏం చేసినారు ఆంటీ?"

"ఏం చేసేది? బియ్యం మూట పైకి మోసినాం. దేవుడి పటాలు మోసినాం. నీళ్లు పోయినాంక కడుక్కున్నాం."

మధుమిత కళ్లు మెరిశాయి. "ఇట్లా తట్టుకుని నిలబడేదాన్నే మేం రెసిలియన్స్ అంటాం ఆంటీ."

"ఏమన్నా అనుకోమ్మా," అని వాసవాంబ కాఫీ గ్లాసు చేతికిచ్చింది. "నాకు మాత్రం కింద ఒక లెట్రిన్ కావాల. అది రాసుకో. మెట్లు ఎక్కలేకుండా ఉండాను."

పిల్ల మంచిది. రాసుకుంది. నేను కళ్లారా చూశాను.

కొన్నాళ్లకు రామసామి పని మొదలుపెట్టాడు. వెనక గుంత తవ్వి ఇటుకలు దించాడో లేదో, కార్పొరేషన్ ఆఫీసు నుంచి శ్రీకుమార్ అనే అధికారి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి మరీ లోపలికి వచ్చి పని ఆపించాడు.

"కంగ్రాట్స్ సార్. స్టడీ రిపోర్టు వచ్చింది. మీ వీధి వారసత్వ పర్యాటక వీధి అయింది. మీ ఇల్లు లిస్టులో మొదటిది. ఇకమీదట ఒక్క ఇటుక కూడా కదపకూడదు."

"ముందువైపు నేనేం కదపడం లేదు సార్. ఇది వెనక కదా?"

"వెనకవైపు వేరే స్టడీలో ఉంది సార్. అది వరద ప్రమాదం స్టడీ. ఈ వీధిలో కింది అంతస్తులో కొత్తగా లెట్రిన్ కట్టకూడదు. మేడ మీదే ఉండాలి." అని మేడ వైపు చూసి ఎంతో సంతోషపడ్డాడు. "మీకు ఆల్రెడీ మేడ మీదే ఉందే! రూలు రాకముందే పాటించారు. మీ ఇల్లు ఊరంతటికీ ఆదర్శం సార్."

నాతో చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. రామసామి తవ్విన గుంతను తానే పూడ్చాడు.

"ఏంది సామీ ఇది? మన ఇంట్లో మనం గుంత తవ్వుకునేదానికి లేదా?"

"ఇది మన ఇల్లు కాదు రామసామీ, మన వారసత్వం," అన్నాను.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి మా భాగ్యాన్ని గమనించాలి. ముందువైపు మా ఇల్లు మరీ అందమైనది కాబట్టి ముట్టుకోరాదు. వెనకవైపు మరీ ప్రమాదకరమైనది కాబట్టి ముట్టుకోరాదు. ఒకే ఇంటికి రెండు వైపులా ఇంత రక్షణ ఏ మంత్రికైనా ఉందా? వాసవాంబ మోకాళ్లు మాత్రం ఏ స్టడీలోనూ లేవు. అవి ముందువైపుకు వస్తాయో వెనకవైపుకు వస్తాయో ఎవరూ తేల్చలేదు.

ఇక్కడి నుంచి వాసవాంబ నగరానికి చేసిన సేవ మొదలవుతుంది. వేసవి వస్తే చెన్నైలో నీళ్లకు ఎంత కటకటో మీకు తెలుసు. ఆమె నీళ్లు తాగడం తగ్గించేసింది. సాయంత్రం కాఫీ మానేసింది. మజ్జిగ ఇస్తే వద్దంది. పులుసు కూడా గట్టిగా కలుపుకుని తినేది. నేను చూస్తూనే ఉన్నాను. వయసు మీద పడితే దాహం తగ్గుతుందేమో అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం వంటింట్లో గరిట కిందపడిన చప్పుడైంది. వెళ్లి చూస్తే వాసవాంబ గోడకు చేరగిలబడి నేల మీద కూర్చుని ఉంది. కళ్లు తిరిగాయట. ఆటోలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. యూరిన్‌లో ఇన్‌ఫెక్షన్ అని, అది కిడ్నీల దాకా పోయేలా ఉందని ఆమె చెప్పింది.

"రోజుకు నీళ్లు ఎంత తాగుతారమ్మా?"

వాసవాంబ డాక్టరును చూడలేదు. నన్ను చూసింది.

"తాగితే ఎక్కాల కదమ్మా," అంది.

డాక్టరు పెన్ను కింద పెట్టి నా వైపు తిరిగింది. "మీరు ఇంట్లోనే ఉంటారు కదా సార్. చూసుకోలేదా?"

దీనికి వ్యంగ్యంగా ఏం జవాబు చెప్పవచ్చో ఆలోచిస్తూనే ఉన్నాను. ఇంతవరకూ తోచలేదు.

సరే, శుభవార్తకు వద్దాం. మా వీధికి పర్యాటకులు వచ్చారు. ఆదివారం ఆదివారం మెడలో బ్యాడ్జీలు వేసుకుని, టోపీలు పెట్టుకుని, రంజిత అనే గైడు వెంట 'హెరిటేజ్ వాక్' అంటూ నడిచి వచ్చి మా అరుగు ముందు నిలబడేవారు. నేను పేపరు తిప్పితే ఫొటో తీసేవారు. మొదటి వారమే ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చి, రెస్ట్‌రూమ్ ఎక్కడండీ అని మెల్లగా అడిగింది. నేను మెట్లు చూపించాను. పాపం, ఆమె గోడ పట్టుకుని ఎక్కి, గోడ పట్టుకుని దిగి, పోయేటప్పుడు రంజితతో గట్టిగానే ఫిర్యాదు చేసింది.

ఆ ఫిర్యాదు మహిమ చూడండి. మేము ఆఫీసుకు పెట్టుకున్న అర్జీలు ఏ బీరువాలో నిద్రపోతున్నాయో తెలియదు గానీ, నెల తిరిగేలోగా మా ఇంటి ఎదురుగా, రోడ్డు పక్కన, నేల మీద, పర్యాటకుల కోసం ఒక టాయిలెట్ లేచింది. వాలుగా బాట, పట్టుకోవడానికి స్టీలు కమ్మీ, తెల్లటి టైల్స్, వెస్టర్న్ సీటు. వాసవాంబ మా కిటికీలోంచి ఆ కమ్మీ వైపు చూస్తూ నిలబడిపోయేది.

నేను శ్రీకుమార్‌ను పట్టుకున్నాను. "సార్, ఈ వీధిలో కింద కట్టకూడదన్నారు కదా? వరద వస్తే?"

ఆయన ఓపిగ్గా నవ్వాడు. "వరద వస్తే టూరిస్టులు రారు కదా సార్."

చూశారా! ఇంత సూటి ఆలోచన మనకెందుకు రాదు? వరద నాడు కూడా ఇంట్లోనే ఉండడం మా తప్పు.

ఆ మర్నాడు వాసవాంబ నెమ్మదిగా రోడ్డు దాటి అక్కడికి వెళ్లింది. దాన్ని చూసుకునేందుకు జెబ అనే ఆమెను పెట్టారు. మా వీధి చివరనే కాపురం, మాకు బాగా తెలిసిన మనిషి. జెబ లేచి నిలబడింది గానీ దారి ఇవ్వలేదు.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు. టూరిస్టులకేనంట. బ్యాడ్జీ ఉంటేనే లోపలికి ఇడవమన్నారు. ఆడ చూడండి, కెమెరా పెట్టుండారు. నా ఉద్యోగం పోతాది."

"నీ మింద కోపం లేదులే జెబా," అని వాసవాంబ వెనక్కి వచ్చి, మేడ మెట్లు ఎక్కింది.

ఆ సాయంత్రం మధుమితకు ఫోన్ చేశాను. మరుసటి రోజు ఆమె ట్యాబు లేకుండా వచ్చింది. డాక్టరు చెప్పిందీ, జెబ చెప్పిందీ అంతా విన్నది.

"ఆంటీ చెప్పింది నేను రాసినాను అంకుల్. మా సార్ అది స్కోప్‌లో రాదన్నారు," అంది తల దించుకుని.

తర్వాత తన మెడలోని బ్యాడ్జీ, ఆ టూరిస్టులు వేసుకునేలాంటిదే, తీసి వాసవాంబ మెడలో వేసింది.

"ఇంగ మీరు టూరిస్టు ఆంటీ. ఎవరూ ఆపరు."

అలా, కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఉన్న వీధిలో నా భార్య పర్యాటకురాలైంది. పొద్దున్నే బ్యాడ్జీ వేసుకుని రోడ్డు దాటేది. జెబ లేచి నమస్కారం పెట్టి తలుపు తీసేది. నీళ్లు మళ్లీ తాగడం మొదలుపెట్టింది. సాయంత్రం ఆరింటికి మాత్రం టాయిలెట్‌కు తాళం పడేది. ఆరు దాటాక టూరిస్టులకు అవసరాలుండవని కూడా ఏదో స్టడీలో తేలి ఉంటుంది.

ఒక ఆదివారం వాసవాంబ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది.

"యాడికి?" అన్నాను.

"టూరిస్టునని రోజూ పోతా ఉండాను. ఒకసారన్నా ఆ వాక్‌కు పోకుంటే న్యాయంగా ఉంటాదా?"

వీధి మొదట్లో గుంపులో కలిసింది. ఆ రోజు శ్రీకుమార్ తన పై అధికారిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. అంతా నెమ్మదిగా నడిచి మా ఇంటి ముందుకు వచ్చారు. నేను అరుగు మీద ఎప్పటిలా స్టేక్‌హోల్డర్‌గా కూర్చుని ఉన్నాను. రంజిత స్తంభాల గురించి, మండువా గురించి చెప్పి, "ఈ ఇంట్లో ఇప్పటికీ ఒక కుటుంబం సంప్రదాయ పద్ధతిలో హాయిగా జీవిస్తోంది. ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అంది.

వాసవాంబ చెయ్యెత్తింది.

"ఈ ఇంట్లో ఉండే ఆమె లెట్రిన్‌కు యాడికి పోతాదమ్మా?"

రంజిత ఆమెను గుర్తుపట్టలేదు. "మంచి ప్రశ్న మేడమ్. మేడ మీద ఉంది."

"మోకాళ్లు నొప్పులైతే?"

రంజిత చేతిలోని కాగితం తిరగేసింది. అందులో లేదు.

"రాత్రి పూట లేస్తే?"

గుంపులోంచి ఒకాయన, "ఆ మెట్లు ఒకసారి చూడొచ్చా?" అన్నాడు. అందరూ చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మా ఇరుకు మెట్ల కింద నిలబడి పైకి చూశారు. స్తంభాలను ఫొటో తీసేవాళ్లు ఆ రోజు మెట్లను తీశారు. పై అధికారి శ్రీకుమార్ చెవిలో, "ఎవరీవిడ?" అన్నాడు.

"మా ఇంటావిడండీ," అన్నాను నేను.

ఆ తర్వాతి వారం శ్రీకుమార్ వచ్చాడు. మొహం దిగులుగా ఉంది.

"సారీ సార్. మీ ఇల్లు విజిటర్ ఎక్స్‌పీరియన్స్‌కు సరిపోవడం లేదని రూటు మార్చేశారు. వాక్ ఇకమీదట పక్క వీధిలోనే. మీ ఇంటిని లిస్టులోంచి తీసేశాం."

నేనూ వీలైనంత దిగులుగా మొహం పెట్టాను. "మరి వెనకవైపు వరద స్టడీ?"

"అది లిస్టులో ఉన్న ఇళ్లకే సార్. లిస్టులో లేని ఇంటి సంగతి మాకెలా తెలుస్తుంది?"

ఆయన వీధి మలుపు తిరగక ముందే రామసామికి ఫోన్ చేశాను. వారంలో అవుతుందన్న పని పది రోజులు పట్టింది, మేస్త్రులు మారరు కదా. దిమ్మె, వాలు బాట, వాల్వు, స్టీలు కమ్మీ, అన్నీ వాసవాంబ దగ్గరుండి పెట్టించుకుంది. ఎదురుగా ఉన్న పర్యాటకుల టాయిలెట్‌కు ఇప్పుడు తాళం. జెబను పక్క వీధికి మార్చారు. నడక దూరమైందని సణుగుతూ, అప్పుడప్పుడు మా ఇంటికి కాఫీకి వస్తుంది.

మొదట్లో మీ మీద జాలిపడ్డాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా ఊరిని చదివేవాళ్ల మీద నాకు కోపం లేదు. మధుమిత లాంటి పిల్లలు ఎండలో ఇల్లిల్లూ తిరిగి అడుగుతారు, విన్నది విన్నట్టు రాసుకుంటారు. ఆ రాసుకున్నది పైకి పోతూ పోతూ ఏ అంతస్తులో జారిపోతుందో తెలియదు. స్తంభాలు చేరతాయి, మండువా చేరుతుంది, మనిషి చేరదు. నా భార్య తనకేం కావాలో మొదటి రోజే, కాఫీ ఇచ్చి మరీ చెప్పింది. అది వినపడడానికి ఆమె సొంత వీధిలో పరాయిదై చెయ్యెత్తవలసి వచ్చింది.

నిన్న పొద్దున మళ్లీ తలుపు చప్పుడైంది. వేరే సంస్థ వాళ్లట. ఇద్దరు, చేతుల్లో ట్యాబులు. వరదకు తట్టుకునే లెట్రిన్‌ను ఈ వీధిలో ఒక కుటుంబం సొంతంగా కట్టుకుందని విన్నారట. ఊరంతటికీ నమూనాగా పెట్టవచ్చట. కాస్త కొలతలు తీసుకుని, వాడేవారితో మాట్లాడి పోతామన్నారు.

"ఐదు నిమిషాల పని సార్. ఇంట్లో ఎవరున్నారు?"

నేను వెనక్కి తిరిగాను. వంటింటి వెనక లెట్రిన్ గడియ పడిన చప్పుడు వినిపించింది. లోపలి నుంచి వాసవాంబ గొంతు తాపీగా వచ్చింది.

"ఎవరూ లేరని చెప్పండి."