వెళ్ళనన్న నక్క

కూతురు కొతోనే బడిలో ఒంటరిగా కూర్చుని అన్నం తింటుందేమోనన్నదే మిసుజుకు అన్నిటికన్నా పెద్ద భయం. పదిహేడేళ్ళకే కడుపుతో చదువు మానేసిన రోజుల్లో తన పక్కన ఎవరూ కూర్చోలేదు. అందుకే ఆ ఆదివారం కొతోనే స్నేహితురాళ్ళు మొదటిసారి ఇంటికి వస్తున్నారని, పొద్దున్నే లేచి నలుగురికీ కూరా అన్నం వండింది.

సెనా, రిరికా వచ్చారు. ముగ్గురూ కలిసి చూసిన దయ్యాల సినిమాలోలాగే కాగితం మీద అక్షరాలు, గుడి తోరణం, ‘అవును’, ‘లేదు’ రాశారు. పది యెన్‌ల నాణెం మీద తలో వేలూ పెట్టి నక్క ఆత్మను పిలిచారు. వచ్చింది. అడిగినవన్నీ చెప్పింది. “ఇక వెళ్తారా?” అంటే మాత్రం నాణెం ‘లేదు’ మీదికి జరిగింది. అది వెళ్ళకుండా వేలు తీస్తే దయ్యమై పట్టుకుంటుంది.

“వెళ్ళనంటోంది ఆంటీ!” రిరికా గొంతులో ఏడుపు.

“వేళ్ళు తీయకండే! నక్కకి వేయించిన తోఫు ఇష్టం, ఇప్పుడే తెస్తా!”

తోఫు కొట్టు ముసలమ్మ, “ఏమిటే ఆ పరుగు?” అంది.

“మా ఇంటికొచ్చిన నక్క వెళ్ళనంటోంది మామ్మగారూ!”

“పోనీలే, నీకు మాత్రం ఇంకెవరొస్తారు!”

వెనకే నిలబడ్డ సెనా తల్లి అది విని, వెంటనే రిరికా తల్లికి ఫోన్ చేసింది.

తోఫు పెట్టినా నాణెం కదల్లేదు. పిల్లలకు ఆకలి. మిసుజు ముగ్గురికీ చెంచాతో తినిపించింది.

“కారం చాల్లేదు ఆంటీ,” అంది సెనా నిండు నోటితో.

“దయ్యం పడుతుందని ఏడుస్తూ మళ్ళీ వంకలు!” కొతోనే పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

చివరికి మిసుజు తనే వేలు పెట్టి నాణేన్ని ‘అవును’ వైపు తోసింది. ఎదురు తోస్తున్న వేలు ఎవరిదో అప్పుడు తెలిసింది. కొతోనే తల ఎత్తలేదు.

మిసుజు కూడా ‘లేదు’ వైపే తోసింది. “అయ్యో, ససేమిరా అంటోందే! ఇంకాస్త అన్నం పెట్టనా?”

తలుపు గంట మోగింది. తల్లులిద్దరూ లోపలికి అడుగు పెట్టలేదు. పిల్లల్ని బయటికి లాగి, చావింటినుంచి వచ్చినవాళ్ళకు చల్లినట్టు భుజాల మీద ఉప్పు చల్లి తీసుకుపోయారు. వేళ్ళు తీసినా ఎవరికీ ఏమీ కాలేదు.

సోమవారం నుంచి బడిలో కొతోనే పక్క బల్ల ఖాళీ.

వాళ్ళిల్లు మీ భవనంలోనే, మీరు రోజూ ఎక్కే మెట్ల మీదే, మూడో అంతస్తు. ఒకసారి గంట కొట్టి ఆ పిల్ల ఎలా ఉందో చూసి రండి. ఆకలితోనే వెళ్ళండి, వాళ్ళమ్మ ఇంకా నలుగురికే వండుతోంది.