ఓనరుగారి ముక్కు, మా ఇంటి అలారం

తలనొప్పితో బాధపడుతున్న పాఠకులకు ఒక సలహా. డాక్టర్ల చుట్టూ తిరిగి కాలం పాడుచేసుకోకండి. మీరు అద్దె ఇంట్లో ఉంటున్నట్టయితే నేరుగా మీ ఓనరుగారిని అడగండి. జబ్బు కనిపెట్టడంలో ఓనర్లకున్న నేర్పు ఏ వైద్య కళాశాలలోనూ నేర్పరు.

మా ఓనరు ఓస్వాల్దో పెలిస్సారిగారి సంగతే తీసుకోండి. ఈ తాందీల్ ఊళ్ళో ఒకే ఆవరణలో వీధివైపు ఇల్లు ఆయనది, వెనక ఇల్లు మాది, మధ్యలో చిన్న పెరడు. భూమధ్యరేఖకు దిగువనున్న మా దేశంలో చలికాలం మే నెలలో వస్తుంది; అది మొదలైన దగ్గర్నుంచీ మా ముగ్గురికీ తలనొప్పులు పట్టుకున్నాయి. ఆయన కుర్చీలో కూడా కూర్చోకుండా, గుమ్మంలో నిలబడే ముగ్గురి జబ్బులూ తేల్చేశారు. నాది రాతల వల్ల వచ్చిన నొప్పి. బళ్ళో భూగోళం పాఠం చెప్పుకునేవాడు వారపత్రికకు వ్యాసాలు కూడా రాస్తే అంతేనట. మా ఆవిడ మీర్తాది నరాల బలహీనత. మా ఆరేళ్ళ పిలార్ పొద్దున్నే పాలకప్పు ముందు కూర్చునే నిద్రపోతోందంటే, అది టీవీ.

ఏ పరీక్షలూ లేవు. సూది లేదు. ఇంకేం కావాలి?

ఆయన మా కోసం చేసినవి చెప్పుకుంటే చాలా ఉన్నాయి. ఏప్రిల్‌లోనే పెరడంతటికీ ప్లాస్టిక్ రేకుల కప్పు వేయించి, పక్కలు కూడా మూయించారు. చలికాలంలో రెండు కుటుంబాల బట్టలూ అక్కడే ఆరేసుకోవచ్చని. మా వంటింటి గోడలో గాలి కోసం రెండు జాలీలుండేవి. వాటిలోంచి చలి కొడుతోందని మీర్తా అనగానే ఆయనే స్వయంగా వచ్చి పాత పేపర్లు కూరి వెళ్ళారు. అవి మా వారపత్రికే. నా రచన అంత బిగువుగా ఉందని నాకు అప్పుడే తెలిసింది. మేం కూడా సంతోషించి, మాతే ఆకుల టీ కాచి ఇచ్చి, థాంక్స్ చెప్పి పంపించాం.

ఇంత చల్లగా సాగుతున్న కాపురంలోకి జూలైలో ఒక పార్సిల్ వచ్చింది. మీర్తా పుట్టినరోజుకని వాళ్ళ అన్నయ్య పంపాడు. ఆయన వేరే ఊళ్ళో ఫైర్ సర్వీసులో చేస్తాడు. అందరి అన్నయ్యలూ శాలువా పంపిస్తారు. ఈయన అరచేతంత తెల్ల డబ్బా పంపాడు. కార్బన్ మోనాక్సైడ్ అలారం అట. గ్యాసు గీజరో హీటరో సరిగ్గా మండకపోతే ఒక విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషిని నిద్రపుచ్చి, ఆ నిద్రలోనే పని పూర్తిచేస్తుంది. ఆ వాయువు తగిలితే ఈ డబ్బా అరుస్తుంది.

మూడో రోజు శనివారం పొద్దున, పిలార్ వేణ్ణీళ్ళు పోసుకుంటుండగా అది అరిచింది. అరుపంటే అలాంటిలాంటిది కాదు, పక్కవీధి కుక్కలన్నీ బదులు పలికాయి. మీర్తా పిల్లని తువ్వాల్లో చుట్టి బయటికి పరిగెత్తింది. ఓస్వాల్దోగారు చంకలో ఫ్లాస్కుతో వచ్చారు.

"ఏంటా గోల మాస్టారూ? మా ఇర్మాకి తలపోటు, ఇప్పుడే పడుకుంది."

"ఇంట్లో విషగ్యాసు ఉందని చెప్తోందండీ."

ఆయన ఫ్లాస్కు బల్ల మీద పెట్టి గీజరు దగ్గరికి వెళ్ళారు. ముక్కు ఆనించి మూడుసార్లు గట్టిగా పీల్చారు.

"నాకేం వాసన రావట్లేదే."

"దానికి వాసన ఉండదండీ," అంది గుమ్మం బయటి నుంచి మీర్తా.

"అదేనమ్మా నేనూ చెప్తున్నది. వాసన లేదంటే గ్యాసు లేదనేగా?"

భూగోళం మాస్టారిని కదా, ఈ తర్కాన్ని నాలుగు దిక్కుల నుంచీ పరిశీలించాను. ఎక్కడా లోపలికి దారి దొరకలేదు. ఇంతలో నేను తెరిచిన కిటికీలోంచి గాలి వచ్చింది, డబ్బా నోరు మూసింది.

"చూశారా? వేడి పడట్లేదు దానికి, చల్లగాలి తగలగానే ఊరుకుంది," అని ఆయన దాన్ని గోడ మీంచి తీసి, బ్యాటరీలు ఊడదీసి నా చొక్కా జేబులో వేశారు. కిటికీ కూడా ఆయనే మూశారు. "హాయిగా ఉండండి. చీటికీ మాటికీ భయపడితేనే తలనొప్పులొస్తాయి."

ఆయన పెరడు దాటకముందే మీర్తా నా జేబులో చెయ్యి పెట్టి బ్యాటరీలు తీసుకుంది.

ఆ వారంలో అలారం ఇంకా నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ ఓస్వాల్దోగారు వచ్చారు, నాలుగుసార్లూ వాసన చూశారు. ఏ ఊళ్ళోనైనా ఓనరు పిలవకుండానే ఇన్నిసార్లు వచ్చి ఇల్లు చూసుకోవడం విన్నారా? ఇదే కుళాయి కారుతోందని చెప్తే ఆరు నెలలు కనపడరు.

శుక్రవారం పిలార్ వాళ్ళ టీచరుగారు బడి గేటు దగ్గర మీర్తాని ఆపారు. "మీ అమ్మాయి సోమవారాలు అస్సలు మనిషిలా ఉండదండీ. గురువారం, శుక్రవారం వచ్చేసరికి ఎగిరి గంతులేస్తుంది. శని, ఆదివారాలు ఇంట్లో ఏం చేస్తుంటారు మీరు?"

మీర్తా ఇంటికి కూడా రాలేదు. బ్యాగు భుజానే ఉంది, నేరుగా ఓనరుగారి తలుపు తట్టింది. నేను వెనకాలే వెళ్ళాను.

"ఓస్వాల్దోగారూ, గ్యాసు మేస్త్రిని పిలిపించండి. లైసెన్సు ఉన్నవాణ్ణి."

"నేనే పెట్టానమ్మా ఆ గీజర్లు, ముప్పై ఏళ్ళ కిందట. రెండూ ఈ చేతుల్తోనే. ఎప్పుడైనా ఎవరికైనా ఏమైనా అయిందా?"

"పిలిపించకపోతే సోమవారం నేనే గ్యాసు కంపెనీకి ఫోను చేస్తాను. వాళ్ళొచ్చి రెండిళ్ళకీ కట్ చేస్తారు."

ఆయన మొహం తెల్లబోయింది. వెనక వంటింట్లోంచి ఆయన భార్య ఇర్మా గొంతు నీరసంగా వినపడింది. "మీర్తా మాట వినరాదూ..."

"నువ్వూరుకో," అని ఆయన మావైపు తిరిగారు. "సరే. చదువుకున్నవాళ్ళు మీరు, శాస్త్రీయంగానే తేల్చుకుందాం. ఆ డబ్బా నాకివ్వండి. ఆదివారం మా వంటింట్లో పెడతాను. ఇక్కడ కూడా మోగిందనుకోండి, అది చెడిపోయిందని తేలినట్టే, చెత్తలో పారేద్దాం."

"మోగకపోతే?"

"మోగకపోతే మీ వంటలో ఏదో ఉంది."

ఏ ఫలితం వచ్చినా తప్పు మాదే అయ్యే పరీక్షను కనిపెట్టడం సామాన్యమా? "ఆదివారం దాకా అన్నారు. సోమవారం నేను ఫోను చేస్తున్నాను," అంది మీర్తా. శనివారం పొద్దున డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆ రెండు రోజులూ మా గీజరూ హీటరూ ఆపేశాం. కిటికీలన్నీ బార్లా తెరిచి, కోట్లు, టోపీలతోనే భోజనాలు చేశాం. విచిత్రం చూడండి, వణికిపోయాం గానీ ఎవరికీ తల నొప్పి పుట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం, మేం అన్నాలకు కూర్చోబోతుండగా ముందింట్లో అలారం మోగింది. ఒక్క నిమిషంలో ఓస్వాల్దోగారు అరుస్తున్న డబ్బాను రెండు చేతుల్తో పైకెత్తి పట్టుకుని, ఆటలో కప్పు గెలిచినవాడిలా పెరట్లోకి వచ్చారు. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

"విన్నారా మాస్టారూ? మా ఇంట్లోనూ మోగింది. ఇక చెడిపోయినట్టేగా?"

"ఇర్మమ్మగారెక్కడ?" అంది మీర్తా.

"వంటింట్లో. రావియోలీ ఉడికించడానికి నీళ్ళు పెట్టి అక్కడే బల్ల మీద తల పెట్టుకుని కునుకు తీస్తోంది. ఈ మధ్య ఎప్పుడూ నిద్రేలే, వయసు..."

మీర్తా ఆయన్ని పక్కకి తోసి లోపలికి పరిగెత్తింది. నేను లోపలికెళ్ళేసరికి ఇర్మగారు బల్ల మీద వాలిపోయి ఉన్నారు. చెంప కింద పిండి, చేతిలో ఇంకా గరిటె. పొయ్యి మీద నీళ్ళు తెర్లుతున్నాయి, గోడకి గీజరు మండుతోంది. కిటికీ అద్దాలన్నీ ఆవిరి. మీర్తా పొయ్యీ గీజరూ ఆర్పి, తలుపులు తన్ని తెరిచి, ఇర్మగారి చంకల కింద చేతులు వేసి లేపింది. నేను కాళ్ళు పట్టుకున్నాను. వీధి అరుగు మీద పడుకోబెట్టి పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. మీర్తా చెంపలు తడుతూనే ఉంది, "ఇర్మమ్మా, కళ్ళు తెరువు, నన్ను చూడు, ఇర్మమ్మా" అంటూ. ఓస్వాల్దోగారు పక్కనే నిలబడ్డారు. చేతిలో డబ్బా ఇంకా పట్టుకునే ఉన్నారు. బయటి గాలికి అది నోరు మూసిన సంగతి కూడా ఆయన గమనించలేదు.

అంబులెన్సు పదకొండు నిమిషాల్లో వచ్చింది. ఆక్సిజన్ పెట్టి తీసుకెళ్ళారు. సాయంత్రానికి ఆమె కళ్ళు తెరిచి, పొయ్యి ఆర్పారా అని అడిగారు.

ఆసుపత్రి బెంచీ మీద నేనూ ఆయనా పక్కపక్కన కూర్చున్నాం. ఆయన నేల వైపు చూస్తూ అన్నారు.

"నాకూ నొప్పిగానే ఉంది మాస్టారూ."

"ఎక్కడండీ?"

"తల. మే నెల నుంచీ."

ఆ పూట నాకు వెటకారం రాలేదు. పాఠకులు క్షమించాలి. వెళ్ళి ఆయనకు ఒక కాఫీ తెచ్చి ఇచ్చాను. అందులో సగం పాంటు మీద పోసుకున్నారు.

సోమవారం పొద్దున్నే బసువాల్దో అనే గ్యాసు మేస్త్రి వచ్చాడు. ఫోను చేసింది మీర్తా కాదు, ఓస్వాల్దోగారే. మేస్త్రి ముక్కుతో ఏ పరీక్షా చెయ్యలేదు. పెరట్లో నిలబడి తలెత్తి ప్లాస్టిక్ కప్పును చూశాడు. తర్వాత రెండిళ్ళ గోడల్లోంచి ఆ కప్పు కిందికే వస్తున్న రెండు పొగగొట్టాలను చూశాడు.

"ఎవడు కట్టాడు దీన్ని?"

ఓస్వాల్దోగారు బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తారు.

"రెండు గీజర్ల పొగా బయటికి పోకుండా మూత వేశారు. అది పోయి పోయి మళ్ళీ మీ ఇళ్ళలోకే వస్తోంది." మా జాలీల్లోంచి పేపర్లు ఒక్కొక్కటే లాగి కింద పడేశాడు. తలుపు చాటు నుంచి చూస్తున్న పిలార్‌ను చూసి గొంతు తగ్గించాడు. "ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ముందు ఆ చిన్నది పోయేది."

మంగళవారానికి కప్పు లేదు. గురువారం ఇర్మగారు ఇంటికొచ్చేసరికి ముందింట్లో కొత్త గీజరు, కొత్త పొగగొట్టం తళతళలాడుతున్నాయి. మా గీజరుకు మాత్రం ఏదో భాగం రావాలట. పద్దెనిమిది రోజులైంది. కెటిల్‌లో కాచిన నీళ్ళతో ముగ్గురం వంతులవారీగా స్నానం చేస్తున్నాం. నీటి పొదుపు గురించి ఏటా పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. ఇన్నేళ్ళకు ఆచరించి చూపించే అదృష్టం కలిగింది.

ఓస్వాల్దోగారిలో వచ్చిన మార్పు చూసి వీధంతా ముచ్చటపడుతోంది. రొట్టెల కొట్టు దగ్గర నిలబడి కనపడినవాళ్ళందరికీ ఆ వాయువు గురించి చెప్తున్నారు. "దానికి వాసన ఉండదు, గుర్తుపెట్టుకోండి," అని వేలు చూపించి మరీ హెచ్చరిస్తున్నారు. ఆ దెబ్బకు ఊళ్ళో దుకాణాల్లో ఉన్న అలారాలన్నీ అమ్ముడుపోయాయి. కొత్తవి ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు.

మా అలారం మాత్రం ఆయన వంటింట్లోనే ఉండిపోయింది. గీజరు లేకపోయినా మా పాత హీటరు మండుతూనే ఉంది కదాని మొన్న వెళ్ళి అడిగాను. ఇర్మగారు ఊలు అల్లుకుంటూ చిన్నగా నవ్వారు. ఓస్వాల్దోగారు గోడకున్న డబ్బా మీద దుమ్ము జేబురుమాలుతో తుడిచారు.

"అది ఇక్కడుంటేనే మంచిది మాస్టారూ. ఇర్మా పరిస్థితి మీకు తెలుసుగా. అయినా మీకెందుకు భయం? ఇది మోగిందంటే ముందు మా ఆవిణ్ణి బయటికి తెచ్చి, ఆ వెంటనే నేనే వచ్చి మీ తలుపు కొడతాను."

ఆ మాట నేను నమ్ముతున్నాను, నమ్మక చేసేదేముంది? ఇంటికొచ్చి మీర్తాకు చెప్పాను. ఆమె వెళ్ళి, ఇంత చలిలోనూ ముందింటి వైపు కిటికీ తెరిచి పెట్టింది. ఇప్పుడు రోజూ అక్కడే కుర్చీలు వేసుకుని, చెవులు అటు పెట్టి కూర్చుంటున్నాం. మా ఇంట్లో విషం నిండినా సరే, అది ముందు ఓనరుగారింటికి వెళ్ళొస్తేనే మాకు కబురు.