భాస్కరయ్య పచ్చిక, బెంగళూరు మిషను

ఆ శుక్రవారం పొద్దున్నే భాస్కరయ్య తలకు తువ్వాలు చుట్టి, పంచె ఎగ్గట్టి, బెంగళూరు నుంచి తెప్పించిన గడ్డి కోసే మిషనును వాకిట్లోకి దించాడు. ధర్మవరం నుంచి వియ్యంకుడు గంగాధరప్ప రైలు దిగి వచ్చేలోగా పచ్చికంతా నున్నగా కోసెయ్యాలని ఆయన పంతం.

పచ్చిక అంటే పెద్దదేం కాదు. రెండు నులకమంచాలు వేస్తే నిండిపోతుంది. కానీ తాగే నీళ్ళకే కటకటలాడే హిందూపురంలో, స్నానాల నీళ్ళు మళ్ళించి గడ్డి పెంచిన మొనగాడు భాస్కరయ్య ఒక్కడే. ఇన్నాళ్ళూ జట్కా ఖాజాసాబ్ ప్రతి శుక్రవారం వచ్చి, దాన్ని కొడవలితో కోసి, ఆ గడ్డి తన గుర్రానికి వేసుకునేవాడు. కోత మెట్లు మెట్లుగా ఉంటుందన్నది ఒక్కటే లోపం. కిందటిసారి గంగాధరప్ప అది చూసి, "ఏం బావా, క్షవరం సగంలో ఆపేసినారా?" అన్నాడు. పట్టుచీరల వ్యాపారి అయిన ఆయన చేత మెప్పు పొందడమంటే గొడ్డుటావు పాలు పితికినట్టే. ఆ నోట ఒక్కసారి "బాగుండాది" అనిపించుకోకపోతే భాస్కరయ్యకు అన్నం సయించేలా లేదు.

మిషను మాత్రం మహా గొప్పది. పెట్రోలు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. తోస్తే చాలు, చక్రాలతో పాటు కత్తులు తిరిగి దువ్వెనతో దువ్వినట్టు కోసుకుపోతుంది. వంటింటి కిటికీలోంచి భార్య పద్మావతమ్మ చూసి మురిసిపోయింది. ఆయన ఒంటికి చెమట పట్టడం ఆమె చూడటం అదే మొదలు.

వచ్చిన చిక్కల్లా దాని చప్పుడుతోనే. ఇనుము ఇనుముకు రాసుకుని సుర్రు సుర్రుమంటుంటే, నెలల తర్వాత సానపట్టే మనిషి వచ్చాడనుకుంది వీధి వీధంతా. ముందుగా పక్కింటి నాగరత్నమ్మ కత్తిపీటతో దిగింది.

"ముందు నాది పదును పెట్టప్పా! వంకాయ గూడా తెగడంల్యా!"

తువ్వాలు చుట్టిన తల వెనక్కి తిరిగింది.

"అయ్యో, మీరా అన్నా! ఈ పని ఎప్పట్నించి పెట్టుకుంటిరి?"

"ఇది గడ్డి మిషనమ్మా!"

"కత్తులు తిరుగుతానే ఉండాయి గదన్నా. రవ్వంత నా కత్తిపీట ఆనించండి."

సగం పచ్చిక కోసేసరికి టెంకాయల షబ్బీర్ మచ్చుకత్తితో వచ్చాడు. అతని వెనక కొడవళ్ళు, గొడ్డళ్ళు. "నేను ముందొచ్చినా" అంటే "నేను ముందొచ్చినా" అని తోపులాట. "ఈడ పదును పెట్టరప్పా!" అని భాస్కరయ్య మధ్యలో చేతులెత్తి అరుస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే ఖాజాసాబ్ జట్కా వీధి మలుపు తిరిగింది. స్టేషను నుంచి అందులో వస్తున్న గంగాధరప్ప ఆ కత్తుల గుంపును చూసి కేక పెట్టాడు.

"మా బావను నరికేస్తాండారు! జట్కా వెనక్కి తిప్పు!"

"నేను తిప్పుతానే ఉండా సామీ, గుర్రం తిరగడంల్యా. ఈ పొద్దు శుక్రవారం గదా!"

కత్తులతో గుర్రానికేం పని? శుక్రవారమంటే దానికి ఆ ఇల్లు, ఆ ఇల్లంటే గడ్డి. ఎంత విశ్వాసం గల జీవమో, కళ్ళెం ఎంత లాగినా వినకుండా జనాన్ని చెల్లాచెదురు చేసి, జట్కాతో సహా గేట్లోకి దూరింది. అందరూ కత్తులు దాచుకొని ఇళ్ళకు పోయారు.

జరిగింది విని గంగాధరప్ప తేరుకోవడానికి రెండు లోటాల మజ్జిగ పట్టింది. ఖాజాసాబ్ గుర్రాన్ని విప్పి, బయట బీడీ ముట్టించాడు. లోపల ఉప్పిట్టు వడ్డిస్తున్నా భాస్కరయ్య మనసు మనసులో లేదు. సగం పచ్చిక కొయ్యకుండానే ఉంది. మళ్ళీ ఆ సగం క్షవరం మాటే పడాలి కాబోలు!

టిఫినయ్యాక ఇద్దరూ బయటికి వచ్చారు. గంగాధరప్ప చెప్పులు విడిచి పచ్చిక మీద చతికిలబడి, చీర నేత చూసినట్టు అరచేత్తో ఒక పక్క నిమిరాడు.

"ఈ పక్క సుమారు," అని పెదవి విరిచాడు.

భాస్కరయ్య ప్రాణం ఉసూరుమంది. అది ఆయన చెమటోడ్చి కోసిన సగం. గంగాధరప్ప జరిగి రెండో సగం నిమిరాడు. మళ్ళీ నిమిరాడు.

"కోతంటే ఇదీ! బాగుండాది బావా, శానా బాగుండాది! ఎంతైనా బెంగళూరు మిషను. మాకూ ఒకటి తెప్పించండి!"

తాను ముట్టుకోని సగం అంత నున్నగా ఎలా అయిందా అని భాస్కరయ్య తల తిప్పాడు. గోడవార ఖాజాసాబ్ తువ్వాలుతో గుర్రం మూతి తుడుస్తున్నాడు.

"దానికదే సాటి బావా," అన్నాడు భాస్కరయ్య నిండు మనసుతో.

మరుసటి శుక్రవారం మిషనుకు గోనెపట్టా కప్పారు, గుర్రానికి గేటు తీశారు.