వణుకు గీతల చీర

1962 వానాకాలంలో ఒక సోమవారం పొద్దున దశరథ అనుకున్నది ఒక్కటే: సావుకారి అడిగిన గీతల చీరకు నూలు కట్టెయ్యాలి. రంగు అంటకూడని చోట నూలును దారంతో బిగించి కట్టడాన్ని చిట్కి అంటారు. దశరథ చిట్కి కట్టిన గీతను చూసి గోడలు కట్టే మేస్త్రీలు సిగ్గుపడేవారు.

కానీ రెండు నెలలుగా ఆయన పూటకు పన్నెండు జొన్నరొట్టెలు తింటున్నాడు. అయినా ధోతి నడుము మీద నిలవడం లేదు. ముసురులో చెమటలు. గుండె చప్పుడు విని మూడిళ్ల అవతలివాళ్లు మగ్గం ఆడుతోందనుకునేవారు. ఆ రోజు చేతులు కూడా వణికాయి. రంగులో ముంచి, నేసి చూస్తే చీర మీద గీతలన్నీ పాముల్లా పారాయి.

"సావుకారి మల్ల మన గడప తొక్కడు," అంది భార్య అమృతమ్మ.

సావుకారి రామచంద్రయ్య చీర విప్పి, కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "గీ అలల నమూన యాడ నేర్చినవ్ దశరథా? దసరాకు గిసోంటియి ఇరవై కావాలె. కాదంటే పని ఇంకొకలకిస్త."

ఆయన అటు పోగానే, మొగుడి గొంతు దగ్గర వాపు చూసి అమృతమ్మ నల్లగొండ దవాఖానకు లాక్కుపోయింది.

"గొంతుల థైరాయిడ్ గ్రంథి ఉంటది," అన్నాడు డాక్టరు. "అది రక్తంలకు హార్మోను ఇడుస్తది. నీకు మస్తు ఎక్కువ ఇడుస్తాంది. అందుకే గుండె ఉరుకుతాంది, తిన్నది కరుగుతాంది, చేతులు వణుకుతున్నయి. గీ గోళీలు రోజు మింగు, తప్పిస్తే గుండెకే మోసం."

నెల తిరిగేసరికి రొట్టెలు నాలుగుకు దిగాయి. గీత మళ్లీ బాణంలా వచ్చింది. అప్పటికి అలల చీరలు రెండే అయ్యాయి.

"దసరా దాంక గోళీలు బంద్ వెడ్త, చెయ్యి మల్ల వణుకుతది," అన్నాడు దశరథ.

"చీరల కోసం సస్తవా? నోరు తెరువు," అని అమృతమ్మ గోళీ వేసి చెంబెత్తింది.

చివరికి వాడకట్టే పూనుకుంది. పొరుగింటి భిక్షపతి పొద్దంతా చేతులు వణికించి చిట్కి కట్టాడు. ఆయన్ని చూసి పదిహేను ఇళ్లవాళ్లు నేర్చుకున్నారు. అలవాటు ఎంత ముదిరిందంటే, తాగుదామంటే కప్పులో చాయ మిగిలేది కాదు.

ఆ సమయంలో వచ్చాడు సావుకారి. వాడంతా వణుకుతోంది.

"ఏమైందమ్మా వీళ్లకు?"

"ఏం లేదు సావుకారూ. థైరాయిడ్ రోగమొచ్చి చేతులు వణికినప్పుడు మా ఆయన కట్టినట్టే చిట్కి కడుతున్నరు," అంది అమృతమ్మ.

సావుకారి కండువాతో మూతి మూసుకున్నాడు. "గీ అలలన్నీ రోగమేనా? నాకొద్దు. సాపు గీతలే ఇరవై కట్టాలె. చెయ్యి నిలిచేటోడు ఎవడన్న ఉన్నడా?"

దశరథ చెయ్యి చాచి చూపించాడు. పని ఆయనకే దక్కింది.

ఆ ఏడు ఆ వాడలో చెయ్యి వణకనిది రోగికొక్కడికే.