కేవలం నడకే సార్!

ఆ శుక్రవారం పొద్దున్న డాక్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తన క్లినిక్కుకు వచ్చే షుగరు, బీపీ వాళ్లందరినీ పోగుచేసి, ఎండ ముదరకముందే ఓ అరగంట నడిపించి, ఎవరింటికి వాళ్లను పంపేయాలి. అంతే. ఇందులో గొడవకు తావెక్కడుందో ఎవరినడిగినా చెప్పలేరు, ఆమె భర్త తప్ప.

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. కాగితం మీద ఎంతటి చిక్కు లెక్కకైనా బెదరడు గానీ, కాగితం దాటి ఏది బయటికొచ్చినా గుండె దడే. గేటు గడియ మీద చెయ్యి వేసి అడ్డంగా నిలబడ్డాడు.

"నాకు మాటిచ్చి కదులు," అన్నాడు.

"ఏమని?"

"ఆ ఆరోగ్యాధికారి ఆఫీసు ఆవరణలో నోరు విప్పనని."

"నేను ఆఫీసుకే వెళ్లట్లేదండీ. నడకకి వెళ్తున్నా."

"నువ్వు నడకకే వెళ్తావు. నీ నోరు ఎటు వెళ్తుందో నాకు తెలుసు. ముందు మాటివ్వు."

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. వీధి చివరున్న డాక్టరమ్మ క్లినిక్కును సోమవారం నుంచి మూసేసి, వంతెన అవతలి పెద్దాసుపత్రిలో కలిపేస్తున్నామని ఆఫీసు తేల్చేసింది. పెద్దాసుపత్రికి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. చెప్పుల్లో కాళ్లు పట్టని ముసలివాళ్లు రెండు బస్సులెక్కి ఎక్కడికీ వెళ్లరు. పుండు పడ్డ వేలికి పాత గుడ్డ చుట్టుకుని, కాలు నల్లబడేదాకా ఇంట్లోనే ఓర్చుకుంటారు. ఈ ముక్క చెప్పడానికి డాక్టరమ్మ ఆఫీసు మెట్లెక్కింది. మొదటిసారి మర్యాదగా చెప్పింది. రెండోసారి చెప్పినప్పుడు కింది అంతస్తులో టైపు కొట్టేవాళ్లు కొట్టడం ఆపేసి విన్నారు. అధికారి తాపీగా కళ్లజోడు తుడుచుకుని, "ఇంకోసారి ఈ ఆవరణలో గొంతెత్తారంటే బదిలీ చేయిస్తానమ్మా. ఊరి చివరకి కాదు, మ్యాపు చివరకి," అన్నాడు.

అందుకే మాస్టారు మాట అడిగాడు. డాక్టరమ్మ పళ్లు నూరుకుంటూనే ఇచ్చింది. ఇచ్చిన మాట తప్పడం ఆమెకు చేతకాదు. ఆమెతో ఆయనకున్న ధైర్యమల్లా అదొక్కటే.

క్లినిక్కు ముందు జనం పోగయ్యారు. అందరికన్నా ముందొచ్చింది షుగరు పిన్ని. తియ్యటిది ముట్టుకోనని ప్రతి నెలా ఒట్టేసి, ప్రతి నెలా రక్తపరీక్షలో దొరికిపోయే మనిషి. ఆమె వెనక కేకల తాత. కుర్రతనమంతా బండి తోసుకుంటూ కూరగాయలమ్మినవాడు. ఆయన "వంకాయలు" అంటే మూడో వీధిలో తలుపులు తెరుచుకునేవట. బండి పోయినా గొంతు మిగిలింది.

"మరీ నెమ్మదిగా నడిస్తే ఉపయోగం లేదు, మరీ జోరుగా నడిస్తే ప్రమాదం," అని డాక్టరమ్మ వివరించింది. "నడుస్తూ మాట్లాడగలగాలి. పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ కొలత. మధ్యమధ్యలో నేను అడుగుతుంటాను, మీరు గట్టిగా బదులివ్వండి. బదులు రాకపోతే ఆయాసం వచ్చిందని నాకు తెలుస్తుంది."

"సగం మందికి చెవుడమ్మా. నువ్వడిగేది వెనక దాకా వినపడదు," అంది పిన్ని.

"నేనున్నానుగా!" అన్నాడు కేకల తాత. చెట్టు మీది కాకులు లేచిపోయాయి.

వేళ్లు తిమ్మిరెక్కేవాళ్లను డాక్టరమ్మ పిడికిలి బిగించి చెయ్యి పైకెత్తి దించమంది. రోడ్డు ఇరుకు కాబట్టి ఇద్దరిద్దరుగా వరసకట్టమంది. వాహనాలను ఆపడానికి ఏదైనా కావాలంటే నర్సు లోపలికెళ్లి, చిరిగిన తెర గుడ్డ ఒకటి కర్రకు కట్టి తెచ్చింది. ఆ తెర ఎర్రది. ఉన్నది అదొక్కటే మరి.

ఇక దారి. ఆ చుట్టుపక్కల గుంటలు లేని రోడ్డు ఒకటే ఉంది, ఆరోగ్యాధికారి కారు కుదుపులకు ఓర్చుకోలేదని కొత్తగా వేయించుకున్నది. అది ఆఫీసు భవనం చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. మోకాళ్ల నొప్పుల వాళ్లను ఇంకెక్కడ నడిపిస్తారు? "మనం రోడ్డు మీదే ఉంటాం, ఆవరణలో కాలు పెట్టం," అని డాక్టరమ్మ తనకు తానే నచ్చజెప్పుకుని, వరసను అటు తిప్పింది.

మేడ మీద అధికారి అప్పుడే కుర్చీలో కూలబడ్డాడు. కిటికీలోంచి ఓ అరుపు వచ్చిపడింది.

"ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోంది!"

"ఓపిక ఉందా?"

"ఉంది!"

"ఆగిపోదామా?"

"ఆగం! ఆగం!"

అధికారి తొంగిచూశాడు. ముందు ఎర్రజెండా, వెనక జంటలు జంటలుగా జనం, గాలిలో పిడికిళ్లు. అందరికీ ముందు ఆ డాక్టరమ్మ! "గేటు వేసెయ్!" అని కాపలావాడి మీద అరిచాడు. గేటు వేసిన చప్పుడుకు ఎదురు దుకాణాలవాళ్లు బయటికొచ్చారు. గేటు వేశారంటే లోపల ఏదో దాస్తున్నారన్నమాటే కదా. కుళాయి నీళ్లు రాని వీధివాళ్లు అది నీళ్ల గొడవనుకుని వరసలో కలిశారు. చెత్త బండి రాని వీధివాళ్లు చెత్త గొడవనుకుని కలిశారు. పని దొరకని కూలీలు కొందరు, ఏ గొడవైతేనేం అని కలిశారు. రెండో చుట్టుకు వరస తల వరస తోకను తాకింది.

"వీళ్లందరికీ షుగరేనా అమ్మా?" అని పిన్ని ఆశ్చర్యపోయింది.

"ఉండొచ్చు పిన్నీ. సగం మందికి ఉన్న సంగతే తెలీదు," అంది డాక్టరమ్మ. ఎవరో తన మాట విని ఇంతమందిని తెచ్చారని ఆమెకు లోలోపల సంతోషంగా ఉంది.

ఇంతలో కానిస్టేబులు వచ్చాడు. పొట్ట ముందు, ఆయన వెనక. "ఏయ్, ఆగండి! ఆగి మాట్లాడండి!" అన్నాడు.

"మధ్యలో ఆగకూడదయ్యా. మాట్లాడాలంటే పక్కన నడుస్తూ మాట్లాడు," అన్నాడు కేకల తాత.

పాపం, కానిస్టేబులు ఆయన పక్కనే నడిచాడు. ఓ మలుపు దాటేసరికి ఆయాసంతో మాట పెగల్లేదు. డాక్టరమ్మ వెనక్కొచ్చి, నడుస్తూనే నాడి పట్టుకుని చూసి, "ఎన్నాళ్లయింది బాబూ పరీక్ష చేయించుకుని? ఇంకాస్త నెమ్మదిగా. ఆ, అలా. చెయ్యి పైకెత్తు, పిడికిలి బిగించు," అంది. పోలీసు కూడా పిడికిలెత్తడం కిటికీలోంచి చూసి అధికారి కిటికీ రెక్క దగ్గరికి లాక్కున్నాడు. అదే సమయానికి బల్ల మీద ఫోను మోగింది. పైవాళ్లు. ఊళ్లో తిరుగుబాటట కదా, ఏం చేస్తున్నావు అని.

ఆయన చేసిందేమిటంటే, గేటు తెరిపించి, డాక్టరమ్మను దండం పెట్టి మరీ లోపలికి పిలిపించాడు. ఆమె మెట్ల ముందుకొచ్చి నిలబడింది, అధికారి పైమెట్టు మీదికి దిగొచ్చాడు. వెనకే జనమంతా వచ్చారు. అది ఆఫీసు ఆవరణ. మాట మాటే. ఆమె పెదాలు బిగించుకుంది.

"చెప్పండమ్మా, ఏం కావాలి మీకు?"

డాక్టరమ్మ ఉలకలేదు, పలకలేదు.

"సరే, క్లినిక్కు మూయం. ఉంచేస్తాం. చాలా?"

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ఏదో అడగబోయి, మాట గుర్తొచ్చి గుటక వేసింది. అధికారికి ఆ గుటకలో కోపం కనిపించింది.

"మందులు దాచుకునే ఫ్రిజ్ కూడా ఇప్పిస్తాను."

మౌనం.

"ఇంకో నర్సును వేస్తాను. అబ్బ, ఏమిటమ్మా ఈ మొండితనం! కిటికీలకు కొత్త తెరలు కూడా! ఇంకేం కావాలి?"

ఎంత అరిచినా రానివన్నీ నోరు మూసుకుంటే రాలిపడుతుంటే డాక్టరమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకాసేపు అలాగే ఉండనిస్తే ఆపరేషన్ గది కూడా వచ్చేదేమో. కానీ షుగరు పిన్నికి జాలేసింది.

"ఎందుకు బాబూ అంత చెమటలు పట్టించుకుంటావ్? మేం గొడవకి రాలేదు. షుగరు తగ్గుతుందని నడుస్తున్నాం. కేవలం నడకే!"

అధికారి ఆమెను చూశాడు, జెండాను చూశాడు. నర్సు తెర గుడ్డను విప్పి చూపించింది. కానిస్టేబులు బుర్ర గీరుకుని, "అవును సార్, వ్యాయామమే సార్," అన్నాడు.

పోయిన రంగంతా అధికారి మొహంలోకి తిరిగొచ్చింది. పడీపడీ నవ్వాడు. "నడకా! అయితే నేనన్నదేదీ అనలేదు. సోమవారం మూతే." ఒక్కొక్కరినీ పైనుంచి కిందికి చూశాడు. "ఇంత చక్కగా నడుస్తున్నారు, గంతులేస్తున్నారు. వంతెన దాటి పెద్దాసుపత్రికి నడవలేరా? ఇక ఈ వయసులో ఆ రోగం తగ్గితే ఎంత, తగ్గకపోతే ఎంత!"

కేకల తాత గొంతు కూడా లేవలేదు. ఒక్కొక్కరినీ మంచం మీద నుంచి లేపి, బతిమాలి, తిట్టి, మొదటి అడుగు వేయించింది డాక్టరమ్మ. ఇప్పుడు ఆ అడుగులనే చూపించి తలుపు మూసేస్తానంటున్నాడు ఈయన. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. గొంతు దాకా వచ్చిన మాటల్ని మింగలేక కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అప్పుడే గుంపును తోసుకుంటూ మాస్టారు వచ్చాడు. మీ ఆవిడ ఆఫీసును ముట్టడించిందని ఎవరో చెబితే, చెప్పులు తారుమారుగా వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. అధికారి చివరి మాట ఆయన చెవిన పడింది.

"మాస్టారూ, మంచి సమయానికొచ్చారు. ఆవిణ్ణి ఇంటికి తీసుకుపొండి," అన్నాడు అధికారి.

మాస్టారు భార్య మొహం చూశాడు. ఆ బిగించిన పెదాలు, ఆ కళ్లు. పొద్దున గేటు దగ్గర తను కట్టేసింది దేన్నో ఆయనకు ఇప్పుడర్థమైంది. సిగ్గేసింది. ఆ తర్వాత, జీవితంలో మొదటిసారి, ఒళ్లు మండింది.

"నోరు విప్పనని మాటిచ్చింది మా ఆవిడ," అన్నాడు. "నేనెవరికీ ఇవ్వలేదు."

పంచె సర్దుకుని మొదటి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏమిటిది?"

"మా వాళ్ల నడక అయిపోయింది. ఇప్పుడు కూర్చుంటారు. ఏ కాళ్లను చూసి తలుపు మూస్తానన్నారో, ఆ కాళ్లే మీ మెట్లకు అడ్డం. కావాలంటే దాటుకుని పొండి."

డాక్టరమ్మ ఆయన పక్కన కూర్చుంది. కూర్చోనని ఆమె ఎవరికీ మాటివ్వలేదు. పిన్ని కూర్చుంది, తాత కూర్చున్నాడు, నీళ్లవాళ్లూ చెత్తవాళ్లూ కూర్చున్నారు. మెట్లన్నీ నిండాయి, వాకిలి నిండింది, కారు చుట్టూ కూడా కూర్చున్నారు.

"ఇది ఆందోళన! కానిస్టేబుల్, లేపు వీళ్లని!"

"నడిచాక కాసేపు కూర్చోకపోతే గుండెకి మంచిది కాదు సార్," అన్నాడు కానిస్టేబులు బూట్లు విప్పుకుంటూ.

మధ్యాహ్నం అధికారికి ఆకలేసింది. కిందికి దిగాలంటే నలుగురు ముసలమ్మల ఒళ్లో కాలు పెట్టాలి. రెండు మెట్లు దిగి, వాళ్లు చూసిన చూపుకు మళ్లీ పైకెళ్లాడు. ఎండ వాలాక కిటికీలోంచి తల బయటపెట్టి, "క్లినిక్కు మూయం, సరేనా? లేవండి!" అన్నాడు.

"పొద్దున కూడా అదే అన్నారు," అన్నాడు, పిన్ని నోట అంతా విన్న మాస్టారు, కదలకుండా. "కాగితం మీద రాసి ముద్ర కొట్టి పంపండి. ఫ్రిజ్, రెండో నర్సుతో సహా. లెక్క తప్పితే తిప్పి పంపుతాను."

డాక్టరమ్మ మొగుడి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కాగితం రావడానికి పొద్దు గుంకింది. ముద్ర కొట్టాల్సిన గుమాస్తా తన తల్లి పక్కన అయిదో మెట్టు మీద కూర్చుని ఉండటమే ఆ ఆలస్యానికి కారణం. మాస్టారు తెరలు రాయలేదని ఓసారి తిప్పి పంపాడు కూడా. వ్యాయామం తర్వాత ఎంతసేపు విశ్రాంతి తీసుకోవాలన్నది మామూలుగా రోగి పరిస్థితిని బట్టి ఉంటుంది. ఆ రోజు మాత్రం అధికారి పరిస్థితిని బట్టి ఉండింది.