పక్క గిన్నెలోది లెక్కలోకి రాదు

ఆ బడిలో ఉపాధ్యాయులందరూ తిండి తగ్గించేశారని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. హెడ్మాస్టరుగారు అన్నం మానేశారు. సైన్సు మేడమ్ గుడ్లూ మాంసం మానేసింది. లెక్కల మాస్టారు నూనె తగిలిందేదీ ముట్టనని శపథం చేసి, ఆ సంగతి రోజూ అందరికీ గుర్తుచేస్తున్నాడు. మధ్యాహ్నం గంట కొట్టగానే స్టాఫు రూములో పొడుగు బల్ల చుట్టూ చేరి, అరచేతిలో ఇమిడిపోయే డబ్బాలు విప్పేవారు. ఒక్కో డబ్బాలో నాలుగు కీరా ముక్కలు, వాటి మీద చిటికెడు ఉప్పు. ఇంతటి నిగ్రహం గల సిబ్బంది చుట్టుపక్కల ఏ బడిలోనూ లేరు. అయినా ఒక్కరికీ నడుము తగ్గలేదు. అది వంశపారంపర్యమని సైన్సు మేడమ్ శాస్త్రీయంగా తేల్చేసింది.

అంతటి పవిత్రమైన గదిలోకి ఆటల టీచరు నాలుగు గిన్నెల క్యారియర్ పట్టుకొచ్చేది.

మనిషి చూస్తే వెదురుకర్ర. పొద్దున్నే మైదానం చుట్టూ ఒంటరిగా పరుగు, బడి మొదలయ్యాక పిల్లలతో పరుగు, బంతి గోడ దాటితే దాని వెనకాల పరుగు. తక్కిన టీచర్లకు తరగతిలో కుర్చీ ఉంటుంది. మైదానంలో కుర్చీ వేసే ఏర్పాటు ఏ ప్రభుత్వమూ చెయ్యలేదు. మధ్యాహ్నమయ్యేసరికి ఆమె కడుపులో ఎలుకలు పరుగు పందెం పెట్టుకునేవి. వాళ్లాయన దర్జీ. భార్య ఆకలికి సరైన కొలత తెలిసినవాడు గనక, పొద్దున్నే లేచి ఒక గిన్నెలో అన్నం, ఒకదాంట్లో కూర, ఒకదాంట్లో ఉడికించిన గుడ్లు, పై గిన్నెలో పళ్లూ సర్ది పంపేవాడు.

ఇక్కడ ఆ గది ఆచారం ఒకటి చెప్పాలి. ఎవరు పెట్టారో తెలీదు గానీ అందరూ నిష్ఠగా పాటించేవారు. సొంత డబ్బాలోంచి తిన్నది తిండి. పక్కవారి గిన్నెలోంచి తీసుకున్నది రుచి చూడడం. రుచి చూసినది ఎవరి లెక్కలోకీ రాదు, ఎవరి ఒంటికీ పట్టదు.

"అమ్మో అమ్మో! ఇంత తెచ్చుకున్నావేంటే తల్లీ! ఎక్కడ పట్టిస్తావు?" అంటూ సైన్సు మేడమ్ ఓ గుడ్డు తీసేది. "ఊరికే, ఉప్పు సరిపోయిందో లేదోనని."

"సరిపోయిందా అక్కా?"

"ఒక్కదాంతో ఏం తెలుస్తుంది?" అని రెండోది తీసేది.

లెక్కల మాస్టారు కూరగిన్నె తన వైపు లాక్కుని, అందులో నూనె ఎంత ఎక్కువుందో అందరికీ చూపిస్తూ చూపిస్తూ సగానికి తెచ్చేవాడు. హెడ్మాస్టరుగారైతే అన్నం తినేవారే కాదు. గరిటెతో పళ్లెంలో పెట్టుకుని పర్యవేక్షించేవారు. ఆటల టీచరు చెంచా పట్టుకునే సమయానికి అడుగున మెతుకులూ, గిన్నె అంచుకంటిన కూరా, ఓ మెత్తబడ్డ పండూ మిగిలేవి. పెద్దవాళ్లు, పైగా ప్రేమగా అడుగుతున్నారు, వద్దని ఏ నోటితో అంటుంది! ఆఖరి పీరియడులో ఈల ఊదితే ఈలకంటే ముందు ఆవులింత వచ్చేది. కుళాయి దగ్గర ఆమె ఖాళీ గిన్నెలు కడుక్కుంటుంటే కిటికీలోంచి చూసి తోటివాళ్లు బుగ్గలు నొక్కుకునేవారు.

"చూశారా! నాలుగూ ఊడ్చేసింది!"

ఈ ఘోరం ఇలా సాగనివ్వడం సంస్థ గౌరవానికి భంగమని హెడ్మాస్టరుగారు సమావేశం పెట్టారు. ఆ ఏడాదే ఆటల టీచరు ఉద్యోగం పర్మనెంటు కావాలి. సిఫారసు మీద ఆయన సంతకం పడాలి. ఆయన గొంతు సవరించుకుని లేచారు.

"సోదర సోదరీమణులారా! ఆకలి అనేది క్రమశిక్షణ ఎరగని విద్యార్థి లాంటిది. చనువిస్తే నెత్తికెక్కుతుంది. పిల్లలకు ఆరోగ్యం నేర్పవలసిన వ్యక్తే నాలుగు గిన్నెలు ఖాళీ చేస్తుంటే, రేపటి పౌరులు ఏమైపోవాలి? ఈ దేశం ఏమైపోవాలి?"

దేశం ఏమవుతుందో ఎవరికీ తెలియలేదు గానీ అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటికప్పుడు ఆకలి క్రమబద్ధీకరణ సంఘం ఏర్పడింది. లెక్కల మాస్టారు అధ్యక్షుడు, సైన్సు మేడమ్ సభ్యురాలు. ఆరోపణ తీవ్రమైనది కాబట్టి సంఘం తొందరపడలేదు. వారం పాటు నాలుగు గిన్నెల్లోంచీ నమూనాలు సేకరించి, నమిలి, లోతుగా పరిశీలించింది. ఆ వారం ఆటల టీచరుకు పండు తొక్క మాత్రం మిగిలింది.

చివరికి తీర్పు వచ్చింది. ఇకమీదట ఒక్కటే గిన్నె, అదీ చిన్నది. మిగతావారి నిగ్రహం చెడకుండా ఆమె గోడవైపు తిరిగి తినాలి. కాదంటే సంతకం ఉండదు.

ఆ రాత్రి వాళ్లాయనకు ఈ సంగతి మింగుడుపడలేదు.

"నాలుగు గిన్నెలు పెడితేనే ఆకలో ఆకలని ఇంటికొస్తున్నావు. ఒక్క గిన్నెతో ఏమవుతావు?"

"పర్మనెంటవుతాను," అందామె. అని, కళ్ల నీళ్లు పెట్టుకుంది. తను నిజంగానే రాక్షసినేమో, నాలుగు గిన్నెలకూ నిండని పొట్ట మనుషులకు ఉంటుందా అని ఆమెకు దిగులు పట్టుకుంది.

మర్నాడు గోడవైపు తిరిగి చిన్న గిన్నె విప్పింది. అడుగుదాకా తానే తిన్నది. విచిత్రం ఏమిటంటే, ఎప్పటికంటే రెండు ముద్దలు ఎక్కువే పడ్డట్టనిపించింది. ఇదేదో తన భ్రమ అనుకుని ఊరుకుంది.

ఆమె వీపు వెనక మాత్రం పరిస్థితి విషమించింది. కారణం అంతుచిక్కకుండా సిబ్బంది ఒక్కొక్కరే నీరసించసాగారు. లెక్కల మాస్టారు నల్లబల్ల మీద సున్నా గీసి, దాన్నే చూస్తూ, "ఉడికిందా?" అని పిల్లల్ని అడిగాడు. సైన్సు మేడమ్ జీర్ణవ్యవస్థ పాఠం చెబుతూ చెబుతూ బొమ్మలోని జీర్ణకోశం మీద తల ఆన్చి నిద్రపోయింది. హెడ్మాస్టరుగారు గంట ఆలస్యంగా కొట్టారని ఓసారి, త్వరగా కొట్టారని ఓసారి, అసలు గంటే ఎందుకని ఓసారి కేకలేశారు. అందరూ కలిసి ఈ నెపమంతా వాతావరణం మీద వేశారు.

ఇంతలో పక్క బడి ఉపాధ్యాయులతో తాడు లాగే పోటీ వచ్చింది. ఏటా గెలిచేది వీళ్లే. ఎందుకంటే తాడు చివర నడుముకి చుట్టుకుని నిలబడేది ఆటల టీచరు. ఈసారీ ఆమె మడమలు నేలలో దిగేసి నిలబడింది. ఈల మోగింది. హెడ్మాస్టరుగారు ఒక్క గుంజు గుంజి, కళ్లు బైర్లు కమ్మి కూలబడ్డారు. ఆయన మీద లెక్కల మాస్టారు, ఆ పైన సైన్సు మేడమ్. తాడు మీద చివరికి ఒకే ఒక్క మనిషి మిగిలింది. ఆమె వదల్లేదు. వదలకుండానే, మడమలతో నేల దున్నుకుంటూ, అవతలి బడివాళ్ల ఒళ్లోకి వెళ్లి చేరింది.

ఈ పరాభవంపై విచారణకు మళ్లీ అదే సంఘం కూర్చుంది. కార్యకారణ సంబంధంలో ఆరితేరిన లెక్కల మాస్టారు, క్యారియర్ చిన్నదైన రోజే సిబ్బంది ఆరోగ్యం క్షీణించడం మొదలైందని కనిపెట్టాడు. అంతా నిర్ఘాంతపోయారు. హెడ్మాస్టరుగారు మళ్లీ లేచారు.

"సంస్థ విశాల ప్రయోజనాల దృష్ట్యా, నాలుగు గిన్నెల క్యారియర్‌ను తక్షణం పునరుద్ధరించడమైనది!"

ఆటల టీచరుకు ప్రాణం లేచొచ్చింది. సంతోషం పట్టలేక నిలబడి అడిగింది.

"అయితే నేను తినొచ్చా సార్?"

గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హెడ్మాస్టరుగారు తండ్రిలా నవ్వారు.

"తీర్మానం క్యారియర్ గురించమ్మా. నీ ఆకలి సంగతి వేరు, అది ఇంకా పరిశీలనలో ఉంది. అయినా నిన్ను పస్తుంచుతామా? మా డబ్బాల్లోంచి తలో కీరా ముక్కా రుచి చూడు. అది లెక్కలోకి రాదులే."

ఆమె ఉద్యోగం పర్మనెంటయింది. తిండిని జయించిన మహిళగా సభ చేసి, దండ వేసి, సిబ్బంది తరఫున ఓ కానుక ఇచ్చారు. విప్పి చూస్తే అయిదు గిన్నెల క్యారియర్. వాళ్లాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మర్నాటి నుంచి ఆమె చేతిలో విడిగా ఒక సంచీ పెట్టడం మొదలుపెట్టాడు.

అప్పటినుంచీ సాయంత్రం బడి వదిలాక ఆమె ఇంటికి వెళ్తూ దారిలోనే ఆ సంచీలోంచి అరటిపళ్లు ఒకటొకటే ఒలుచుకుని, నడుస్తూ, నిశ్చింతగా, ఎవరి పర్యవేక్షణా లేకుండా తింటోంది. ఆ వీధిలో వెళ్తూ మీరూ చూసే ఉంటారు. ఇంత సన్నగా ఉండి ఎంత తింటోందో అని నోరు వెళ్లబెట్టి నిలబడ్డారు కూడా. నోరు తెరిచిన పెద్దమనిషిని దాటిపోవడం మర్యాద కాదని, ఆమె ఓ పండు మీ వైపు చాపింది.

మీరు వద్దనలేదు.